తొమ్మిదో చోటు

మా నేషనల్ పార్కులో టెంటు వేసుకోవడానికి పన్నెండు చోట్లున్నాయి. పదకొండు చోట్లకి కారు వెళ్తుంది, లేదంటే కారులో మరిచిపోయిన దుప్పటి పరుగెత్తి తెచ్చుకునేంత దూరంలో ఉంటాయి. తొమ్మిదోది వేరు. కొండకొమ్ము చుట్టు తిరిగి, సముద్రం అంచున ఇసకలో నలభై నిమిషాలు నడవాలి. ఆటు ఉన్నప్పుడే ఆ ఇసక బయటపడుతుంది, పోటు వస్తే దారి మునిగిపోతుంది. రోజుకి రెండుసార్లు, ఐదేసి గంటలు, మనిషన్నవాడు అక్కడికి వెళ్ళలేడు, అక్కణ్ణించి రాలేడు. ఫోను అందదు. ఇద్దరికి మించి అనుమతి లేదు.

"జైలులా ఉందండీ బాబూ!" అని వెళ్ళొచ్చినవాళ్ళు ఫోను చేసి తిట్టేవారు. ఆ తిట్లు తినే ఉద్యోగం నాది. పార్కుకి మూడు వందల కిలోమీటర్ల దూరంలో, ఊరి నడిబొడ్డున ఒక ఆఫీసు భవనం కింద, నేలమాళిగలో మా బుకింగ్ గది. దానికి కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట పార్కు మ్యాపు అంటించారు. పదకొండేళ్ళుగా చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఆ మ్యాపునే చూస్తున్నాను. ఏ చోట గాలి ఎటు నుంచి కొడుతుందో, ఏ పంపులో నీళ్ళకి తుప్పు వాసనుంటుందో నాకు కంఠతా వచ్చు. సముద్రాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఒకాయన ఏడుపొక్కటే తక్కువగా అన్నాడు: "ఐదు గంటలు ఎవరూ రాలేదండీ. మేం కేకేసినా ఎవరికీ వినపడదండీ." నాకు నోరూరింది. అబద్ధమెందుకు, నిజంగానే నోరూరింది.

మా ఇల్లు నాలుగో అంతస్తులో మూడు గదులు, ఒక హాలు. ఎనిమిదిమందిమి. నేనూ మా ఆయనా పదేళ్ళ మా అమ్మాయీ ఒక గదిలో, మరిదీ తోటికోడలూ ఒక గదిలో, మా అత్తగారు ఆ మరిదిగారి కవలపిల్లల్ని చెరో పక్కన వేసుకుని మూడో గదిలో. లోపలివైపు గడియ పడేది బాత్‌రూమ్ ఒక్కదానికే. దాని తలుపు కూడా నిమిషానికోసారి ఎవరో ఒకరు తడతారు. "అమ్మా, నా సాక్సులేవీ?" "అక్కా, స్టవ్ కట్టెయ్యనా?" "వదినా, ఇస్త్రీపెట్టె ఎక్కడ?" "పెద్దమ్మా, వీడు గిల్లాడు!" మా ఆయన నన్ను పేరు పెట్టి పిలవరు, "ఇదిగో" అంటారు. ఎంత రద్దీలో అన్నా అది నన్నేనని అందరికీ తెలుసు. పోనీ వీళ్ళలో చెడ్డవాళ్ళున్నారా అంటే ఒక్కరూ లేరు. అదే వచ్చిన చిక్కు. ఒక్కరు చెడ్డవాళ్ళయినా పోట్లాడి, మూతి ముడుచుకుని ఓ మూల కూర్చునేదాన్ని.

తొమ్మిదో చోటు మీద ఫిర్యాదులు ఎక్కువైపోయాయని, బుక్ చేసుకునేవాళ్ళకి ముందే చదివి వినిపించడానికి ఒక హెచ్చరిక రాయమని మా ఆఫీసరు నాకు పురమాయించాడు. మనసు పెట్టి రాశాను. "పోటు సమయంలో ఈ చోటుకి రాకపోకలు ఉండవు. ఫోను అందదు. వైద్యం అందదు. మంచినీళ్ళు మోసుకెళ్ళాలి. గాలికి టెంటు నిలవకపోవచ్చు. ఇది పిల్లలకీ, పెద్దవాళ్ళకీ, భయస్తులకీ తగిన చోటు కాదు." ఆ 'భయస్తులకీ' అన్నది ఆఫీసరు చెప్పలేదు, నా సొంతం. అది వినగానే సగంమంది వెనక్కి తగ్గేవారు. అందరూ తగ్గాలనే రాశాను. ఎప్పటికైనా అది నాది కావాలి.

ఉద్యోగులు తమ సీట్లోంచి బుక్ చేసుకోకూడదని నియమం. అందరిలాగే బయటినుంచి, నెల మొదటి తారీఖు ఉదయం ఎనిమిదింటికి ఫోను చెయ్యాలి. ఆ రోజు ఆఫీసు పక్క బేకరీలో నిలబడి చేశాను. ఎత్తింది నా పక్క సీటావిడే. గొంతు ఖంగుమంటుందని ఆవిడని గంటమ్మ అంటాం. ఫోన్లన్నీ రికార్డవుతాయి కాబట్టి ఇద్దరం ఒకరినొకరం ఎరగనట్టే మాట్లాడుకున్నాం. "మీ పుట్టినతేదీ చెప్పండి మేడమ్" అంది, పోయిన నెల నా పుట్టినరోజు కేకు తిన్న మనిషి. నేను రాసిన హెచ్చరికంతా నాకే చదివి, "భయం లేదు కదా మేడమ్?" అంది. లేదన్నాను. రెండు రాత్రులు, ఒక్క మనిషి.

తేదీలు ఊరికే ఎంచుకోలేదు. ఆ రెండు రోజులూ నిండు పోటు పొద్దున్న ఎనిమిది ప్రాంతంలో వస్తుంది. అంటే ఐదున్నర నుంచి పదిన్నర దాకా నా దగ్గరికి ఎవరూ రాలేరు. మా ఇంట్లో నన్ను ఎక్కువగా పిలిచే గంటలవే.

మా ఆయనకి మెల్లిగా, మంచి సమయం చూసి చెప్దామనుకున్నాను. ఈలోగా అనుమతి కాగితం పోస్టులో ఇంటికొచ్చింది. కింద పెట్టెలోంచి ఉత్తరాలు తెచ్చే పని మా అత్తగారిది. సాయంత్రం అందరం భోజనాలకి కూర్చున్నాక, ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, కాగితం పైకెత్తి పట్టుకుంది.

"చూశార్రా, అమ్మాయి సముద్రం దగ్గర టెంటు బుక్ చేసింది! ఎంత మంచి ఆలోచన! పిల్లలు ఎప్పుడు చూశారు గనక? అందరూ వెళ్ళి రండి. ఆడపిల్లని, అల్లుణ్ణి, వాళ్ళ పిల్లల్ని కూడా పిలవండి."

గుడారంలో ఒంటె తల దూర్చిన కథ చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. మా ఒంటెకి తలా మెడా అంటూ వరసలేమీ లేవు, ఒకేసారి మొత్తం వచ్చేసింది. పిల్లలు కుర్చీలెక్కి గంతులేశారు. మరిది అప్పుడే వ్యాను సంగతి ఎత్తాడు. మా ఆయన కాగితం తీసుకుని చదివారు.

"ఇదేంటి, ఒక్క మనిషనే రాసుంది? ఏదో పొరపాటు పడ్డట్టుందే."

నోరు తెరిచాను. పొరపాటు కాదండీ, నేనొక్కదాన్నే వెళ్దామనుకున్నాను. ఆరు మాటలు కూడా లేవు. ఈలోగా మా అమ్మాయి నా మొహంలోకి చూసి, "అమ్మా, నువ్వొక్కదానివే వెళ్దామనుకున్నావా?" అంది.

అందరూ గొల్లుమన్నారు. ఎంత విడ్డూరమైన మాట! వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. "ఛ, అదేం లేదు" అన్నాను. రోజూ ఫోన్లో వందమందికి కుదరదని చెప్పే నోరు నాది, ఇంట్లో ఏడుగురికి చెప్పలేకపోయింది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటూ అన్నం కెలికాను.

ఒక్క ధైర్యం మిగిలింది. తొమ్మిదో చోటు ఇద్దరికి మించి ఒప్పుకోదు. మర్నాడు ఆ మాటే చెప్పి, మరోసారి అందరం వెళ్దామని తప్పించుకోవచ్చు. ఆ ధైర్యంతోనే నిద్రపోయాను.

మర్నాడు సాయంత్రం తలుపు తియ్యగానే మా ఆయన నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళారు. మొహం వెలిగిపోతోంది.

"నువ్వు కంగారు పడకు, అంతా సరిచేశాను. మీ ఆఫీసుకి ఫోన్ చేశా. తొమ్మిదో నంబరంట, ఎవరంటగట్టారో గానీ నీకు. పోటొస్తే బయటికి రాలేమట, ఫోన్ కూడా అందదట, భయస్తులకి పనికిరాదని వాళ్ళే చదివి మరీ వినిపించారు! నేనుండబట్టి సరిపోయింది. మార్పించేశా. ఒకటో నంబరు, పన్నెండుమంది పట్టే చోటు, కారు పార్కింగ్ పక్కనే. లైట్లున్నాయి, బాత్‌రూములున్నాయి. మనమెంతమందిమో లెక్కేశావా? చెల్లెలి వాళ్ళతో కలిపి సరిగ్గా పన్నెండు!"

ఆయన గొంతు తగ్గించారు. "పదకొండేళ్ళుగా ఆ నేలమాళిగలో ఒక్కదానివే కూర్చుంటున్నావు. ఒక్కసారైనా నువ్వు సముద్రం దగ్గర నలుగురిలో సరదాగా ఉంటే చూడాలని నాకుండదా?"

తిట్టడానికి కూడా దారి లేకుండా చేశారు.

మర్నాడు ఆఫీసులో గంటమ్మ మీద పడ్డాను. "నీకు చెప్పకుండా మార్పిస్తున్నాడని నాకేం తెలుసే! అనుమతి నంబరు, నీ పుట్టినరోజు గడగడా చెప్పాడు. హెచ్చరిక చదవకపోతే నా ఉద్యోగం పోదూ? నువ్వు రాసిందే కదే, కామా కూడా వదలకుండా చదివాను" అంది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను కొలతలేసుకుని మరీ తీసుకున్నాను. తొమ్మిదో చోటు అప్పటికే నిరీక్షణ జాబితాలో మొదటివాళ్ళకి వెళ్ళిపోయింది. ఒక చిరునామాకి ఏడాదికి ఒక్కటే అనుమతి. ఆ నియమం నేను రోజుకి ఇరవైసార్లు చెప్తాను.

ఆ తర్వాత పది రోజులు మా భోజనాల బల్ల మీద జాబితాలు పుట్టాయి. మా ఆయన జాబితా, మరిది జాబితా, ఫోన్లో ఆడపడుచు చెప్పిన జాబితా. మడతకుర్చీలు పన్నెండు. రెండు స్టవ్వులు. టేబుల్‌ఫాను. "సముద్రం పక్కన ఫానెందుకు?" అన్నాను. "ఉండనీ అక్కా, గాలి లేకపోతే?" అంది తోటికోడలు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు వాళ్ళు ఆ ఫానుని వదల్లేదు. ఏ వస్తువు ఎక్కడుందో నన్నడగాలి, ఏది ఏ సంచిలో సర్దాలో నేను చెప్పాలి. రాత్రి పడుకుంటే చెవుల్లో "ఇదిగో, వదినా, అక్కా" అని ఇంకా వినపడుతూనే ఉండేది. నాకు ఊపిరాడేది కాదు. ఇది నేను ఊరికే అనే మాట కాదు, బాత్‌రూములో పంపు తిప్పి, ఆ చప్పుడులో గట్టిగా ఊపిరి పీల్చుకుని బయటికొచ్చేదాన్ని.

పంపు దగ్గర నిలబడ్డప్పుడే ఒక రోజు ఆలోచన వచ్చింది. వీళ్ళందరూ వెళ్తే ఇల్లు ఖాళీ! సముద్రం లేకపోతే పీడాపోయె. అనుమతి ఎవరి పేరు మీదుంటే వాళ్ళు గేటు దగ్గర సంతకం పెట్టాలి. మూడు రోజుల ముందుగా కాగితం ఇస్తే పేరు మార్చుకోవచ్చు. మా ఆయన పేరుకి మార్చి, ఆఫీసులో సెలవు రద్దయిందని చెప్తే చాలు. ఫారం నింపి, సంతకం చేసి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. రెండు రోజులు నాలుగో అంతస్తులో తలుపేసుకుంటే అదే నా తొమ్మిదో చోటు.

శనివారం మా అత్తగారు మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. "నావల్ల కాదురా అంత దూరం. మీరు వెళ్ళండి. నేను ఇల్లు చూసుకుంటాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిడ ఉంటే నాకు ఖాళీ ఇల్లెక్కడిది? ఆ సాయంత్రం నుంచి నేను ఆవిడ వెంటపడ్డాను. సముద్రపుగాలి మోకాళ్ళకి ఎంతో మంచిదన్నాను. మెత్తటి పరుపు నా చేత్తో వేస్తానన్నాను. మీరు లేకపోతే పిల్లలు బెంగపెట్టుకుంటారన్నాను. ఆవిడ ప్రతిదానికీ తల ఊపి, "నువ్వు మాత్రం తప్పకుండా వెళ్ళమ్మాయ్" అనేది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ మడతకుర్చీలు కొనడానికి బయల్దేరారు. అద్దెకి తెచ్చిన టెంటు సరిగ్గా ఉందో లేదో చూస్తానని మరిది పొద్దున్నే దాన్ని హాల్లో వేసి, విప్పకుండా వెళ్ళిపోయాడు. సోఫా గోడకి జరిగి, బల్ల తలకిందులై, హాలంతా అదే ఉంది. నేను గిన్నెలు తుడిచి వచ్చేసరికి టెంటు జిప్పు లోపలినుంచి వేసి ఉంది. పిల్లలెవరో దాక్కున్నారనుకుని పైకి లాగాను.

లోపల మా అత్తగారు. కాళ్ళు చాపుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఏమీ చెయ్యకుండా కూర్చుని ఉంది. నన్ను చూసి, దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు ఉలిక్కిపడింది.

"మీరు వెళ్ళలేదా అత్తయ్యా?"

"నువ్వు వెళ్ళావనుకున్నాను" అంది.

ఆవిడ పక్కకి జరిగింది. నేను లోపలికి పాకి, జిప్పు కిందికి లాగాను. నీలంరంగు గుడ్డలోంచి వచ్చే వెలుతురులో ఆవిడ మొహం అలిసిపోయినట్టు కనపడింది.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"మోకాళ్ళకేం. రోజూ నాలుగంతస్తులు దిగి ఉత్తరాలు తెస్తున్నాగా." అని నా వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు ఆ కాగితం ఒక్కదానికే తీసుకున్నావని నాకు తెలుసు. చదవడం వచ్చు నాకు."

నా ఒళ్ళు మండింది. "తెలిసే అందర్నీ ఎక్కించారా?"

"తెలిసే ఎక్కించాను. నువ్వొక్కదానివే వెళ్తే ఇంట్లో ఏడుగురం ఉంటాం. అందరూ వెళ్తే నేనొక్కదాన్నే ఉంటాను." ఆవిడ టెంటు గుడ్డని గోటితో గీస్తూ చెప్పింది. "పంథొమ్మిదేళ్ళకి వచ్చానీ ఇంటికి. యాభై రెండేళ్ళయింది. ఈ ఇంటి తలుపు లోపలినుంచి వేసుకుని, ఇంకెవరూ లేకుండా, ఒక్క రాత్రీ పడుకోలేదు నేను. మీ మావగారు పోయిన నాడు కూడా ఇంటినిండా చుట్టాలే. ఏడవడానికి కూడా చోటు లేకపోయింది."

"ఏం చేద్దామనుకున్నారు, ఒక్కరే ఉంటే?"

"ఏముంది? రేడియో పెద్దగా పెట్టుకుంటాను. గిన్నెలోంచే తింటాను, నిలబడి. మంచం మధ్యలో పడుకుంటాను. ఆ వెధవలిద్దరూ చెరో పక్కనుంచి తంతుంటే నేను కర్రలా పడుకుంటున్నానే ఐదేళ్ళుగా." కొంచెం నవ్వింది. తర్వాత నా మొహంలోకి చూసింది. "నువ్వూ ఆగిపోదామనుకుంటున్నావు కదూ? అందుకేగా నన్ను అంతలా బతిమాలుతున్నావు."

తల ఊపాను. ఏడుపొచ్చింది. యాభై రెండేళ్ళ ముందు ఈ ఇంట్లో నా పదకొండేళ్ళు ఎంత? కానీ నావి నాకు బరువే కదా.

"వచ్చే ఏడు తీసుకోకూడదూ? నీ కాగితం నేను దాచిపెడతాను, ఎవరి కంటా పడనివ్వను" అంది ఆవిడ. ఆవిడే మళ్ళీ అంది, "వచ్చే ఏటి సంగతి నాకు డెబ్బై ఒకటిలో తెలీదనుకో. సరేలే. నీకంత అవసరమైతే నువ్వే ఉండు. నేను వెళ్తాను వాళ్ళతో. నాకలవాటే."

ఆ 'అలవాటే' అన్న మాట ఒకటుంది చూశారూ! నిజంగా అందో, గడుసుగా అందో ఇప్పటికీ తేల్చుకోలేదు. మెట్ల మీద పిల్లల కేకలు, కుర్చీలు గోడకి తగులుతున్న చప్పుడు వినపడ్డాయి. ఆవిడ చటుక్కున మోకాలు పట్టుకుంది. మర్నాడు సాయంత్రం గడువు. నేను ఫారం ఇవ్వలేదు.

గురువారం పొద్దున్న వ్యానులో పదకొండుమందిమి ఎక్కాం. నా ఒళ్ళో గిన్నెల సంచి, కాళ్ళ మధ్య టేబుల్‌ఫాను, ఎడం భుజం మీద ఒక కవల, కుడి భుజం మీద ఇంకొకడు. నాలుగో అంతస్తు కిటికీలోంచి మా అత్తగారు వేలితో మమ్మల్ని లెక్కపెట్టుకుంది. పదకొండు సరిపోయాక చెయ్యి ఊపింది. వ్యాను సందు మలుపు తిరక్కముందే కిటికీ తలుపు మూసుకుంది.

ఊరు దాటామో లేదో, మా ఆయన నిట్టూర్చారు. "అమ్మ పాపం ఒక్కతే అయిపోయింది. ఎప్పుడూ ఒంటరిగా ఉన్న మనిషి కాదు."

"అవునన్నయ్యా, నాకూ మనసొప్పడం లేదు" అంది ఆడపడుచు.

"ఒక్క రాత్రి చాల్లే. రేపు మధ్యాహ్నానికే ఇల్లు చేరిపోదాం" అన్నాడు మరిది. తోటికోడలు కూడా సరేనంది. పిల్లలు తప్ప అందరూ ఒప్పుకున్నారు. రేపు మధ్యాహ్నం ఇల్లు. నాక్కూడా మంచిదే. కిక్కిరిసిన రెండు రోజుల్లో ఒకటి తగ్గుతుంది. నోరు మూసుకుని కుక్కిన పేనులా కూర్చుంటే చాలు.

"కుదరదు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంట్లో గొంతు కాదది, హెడ్‌ఫోను తగిలించుకున్నప్పటి గొంతు. "రేపు పొద్దున్నుంచి ఎల్లుండి పదిన్నర దాకా ఒకటో చోటుకి రాకపోకలు ఉండవు. పోటుకి రోడ్డు మునుగుతుంది. వెళ్ళాక మధ్యలో తిరిగి రావడం కుదరదు."

"కార్లెళ్ళే రోడ్డు కూడానా వదినా?" అన్నాడు మరిది.

"పదకొండేళ్ళుగా ఊళ్ళో అందరికీ నేనే చెప్తున్నాను. నీకు తెలుసా, నాకు తెలుసా?"

"అమ్మో, అయితే ప్రమాదమేమో అక్కా" అంది తోటికోడలు.

"లోపల ఉన్నవాళ్ళకి ప్రమాదం లేదు. బయటికి రావడమే ఉండదు" అన్నాను.

అందరూ సర్దుకున్నారు. మా ఆయన తల్లికి ఫోను చేసి, అందరికీ వినపడేలా పెట్టి, ఎల్లుండి సాయంత్రం దాకా రాలేమని బాధపడుతూ చెప్పారు. అవతల రేడియో హోరెత్తిపోతోంది. ఒక్కసారిగా తగ్గింది.

"అయ్యో, అలాగా?" అంది మా అత్తగారు. "ఎవరు చెప్పారు, అమ్మాయి చెప్పిందా?"

"అవునమ్మా."

"అమ్మాయి చెప్పిందంటే నిజమే అయ్యుంటుంది" అంది. గొంతు కొంచెం తడబడింది. మా ఆయన అది దిగులనుకుని, "ధైర్యంగా ఉండమ్మా" అన్నారు.

ఫోను పెట్టేశాక కుడి భుజం మీది కవల లేచి, "పెద్దమ్మా, నీళ్ళు" అన్నాడు. సముద్రానికి ఇంకా రెండు వందల ఎనభై కిలోమీటర్లుంది. ముందు సీట్లోంచి మా ఆయన వెనక్కి తిరిగారు.

"ఇదిగో, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావు?"

"నీలం సంచిలో, అడుగున" అన్నాను.